రుద్దమన్నది నేనే

నా జబ్బు గురించి అడిగినవాళ్లందరికీ చాలాకాలం సగమే చెప్పాను. ఆ సగం వినడానికి బాగుంటుంది. విమానంలో కాలిలో రక్తం గడ్డకట్టడం, అది ఊపిరితిత్తికి చేరడం, ఆసుపత్రిలో పదకొండు రోజులు, దేవుని దయ, డాక్టర్ల తెలివి, క్షేమంగా ఇంటికి రావడం. వింటూ వాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు, చెబుతూ నేనూ తుడుచుకునేదాన్ని. మిగతా సగం చెప్పడానికి ముఖం చెల్లలేదు. ఇప్పుడు మందులు ఆపేసి నెల దాటింది. తెనాలిలో మా వీధి చివరి వరకు ఆయాసం లేకుండా నడిచి వస్తున్నాను. ఇక చెప్పుకోవడానికి సాకులేమీ మిగల్లేదు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

నా పేరు సుగుణ. ముప్పయ్యొక్క ఏళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఏటా బోదకాలు మాత్రలు పంచే పని కూడా మాదే. "ఇంటికెళ్లి మింగుతామంటే కుదరదు, నా ఎదురుగానే మింగండి" అని నిలబడి మింగించేదాన్ని. కాలు వాచినవాళ్లు చీర కుచ్చెళ్ల కింద దాచుకుంటే ఊరుకునేదాన్ని కాదు. "దాచుకుంటే తగ్గుద్దా?" అని నలుగురిలో అడిగేదాన్ని. మంచి కోసమే అడుగుతున్నాననుకునేదాన్ని.

మార్చి

మా చెల్లెలు వినోద న్యూజిలాండ్‌లో నర్సు. దానికి గర్భసంచి ఆపరేషన్ అయితే వండిపెట్టడానికి వెళ్లి ఐదు నెలలు ఉండిపోయాను. తిరిగి వచ్చే రోజు ఎయిర్‌పోర్టులో అది నా చేతిలో ఒక జత మేజోళ్లు పెట్టింది. మోకాళ్ల దాకా వచ్చే బిగుతు మేజోళ్లు.

"అక్కా, ఇల్లు చేరేదాకా ఇవి తియ్యొద్దు. గంటకోసారి లేచి నడువు. నీళ్లు తాగుతా ఉండు. అంతసేపు కదలకుండా కూర్చుంటే రక్తం గడ్డ కడద్ది" అంది.

"నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని పక్కన లాంతరు పట్టుకుని నిలబడింది నేనే. నాకు చెప్తున్నావా?" అన్నాను.

అది నవ్వలేదు. "వేసుకుంటానని చెప్పు" అంది. వేసుకుంటానన్నాను. దాని కళ్ల ముందు వేసుకున్నాను కూడా. లోపలికి వెళ్లాక బాత్‌రూమ్ అద్దంలో చూసుకుంటే చీర కింద నల్ల మేజోళ్లు, వాటి కింద చెప్పులు. నాకే నవ్వొచ్చింది. విప్పి సంచిలో కుక్కేశాను.

సముద్రం చూద్దామని అడిగి మరీ కిటికీ సీటు తీసుకున్నాను. పక్కన పొడుగాటి తెల్లాయన, ఆ పక్కన ఆయన భార్య. భోజనం అవగానే ఇద్దరూ నిద్రపోయారు. నేను బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ఇద్దరినీ లేపాలి. ఇంగ్లీషు రాక కాదు. వయసు మళ్లిన ఆడదాన్ని, పరాయి మగాణ్ణి నిద్ర లేపి బాత్‌రూమ్‌కి పోవాలని చెప్పడానికి నోరు రాలేదు. దానికి నేను కనిపెట్టిన ఉపాయం నీళ్లు మానేయడం. ఎయిర్‌హోస్టెస్ నీళ్లు తెచ్చిన ప్రతిసారీ చెయ్యి అడ్డం పెట్టాను. ఒకసారి ఆ పిల్ల వంగి, ఒంట్లో బాగానే ఉందా అని కూడా అడిగింది. బాగానే ఉందన్నాను.

సంచి పైన పెట్టనివ్వలేదు. అందులో మావారికి స్వెటరు, అందరికీ చాక్లెట్లు, మా మరిది కూతురికి గడియారం. ఎవరైనా తీసేస్తారేమోనని కాళ్ల దగ్గరే పెట్టుకుని, దాని మీద పాదాలు ఆనించి ముడుచుకుని కూర్చున్నాను. ఎన్ని గంటలు గడిచాయో ఎదుటి తెర మీద అంకెలు చూస్తూనే ఉన్నాను. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి. తర్వాత ఎడమ పిక్క పట్టేసినట్టయింది. చేత్తో నొక్కుకుని, వయసు కదా అనుకున్నాను. కాసేపు ప్రార్థన చేసుకున్నాను. దేవుడు నన్ను లేచి నడవమనే చెప్పి ఉంటాడు, నేనే వినిపించుకోలేదు.

సింగపూర్ దగ్గరపడుతుండగా ఇక ఆపుకోలేక పక్కాయన భుజం వేలితో తాకాను. ఆయన చటుక్కున లేచాడు. విసుక్కుంటాడనుకున్నాను. నవ్వి, నేను తూలుతుంటే మోచెయ్యి అందించాడు. తిరిగి వచ్చేదాకా కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. అడిగి ఉంటే పదిసార్లు లేచి ఉండేవాడు. ఇప్పటికీ ఆయన నవ్వు గుర్తొస్తే తల దించుకుంటాను.

సింగపూర్‌లో నాలుగు గంటలు మళ్లీ సంచికి కాపలాగా కుర్చీలోనే. హైదరాబాద్ విమానంలో మళ్లీ ముడుచుకునే. మావారు కారు తీసుకుని వస్తే, తెనాలి దాకా మరో ఆరు గంటలు వెనక సీట్లో పెట్టెల మధ్య. "టీ తాగుదాం దిగు" అని ఆయన రెండుసార్లు అన్నారు. ఇల్లు చేరితే చాలన్నాను.

రెండో రోజు స్నానం చేస్తూ చూసుకున్నాను. ఎడమ కాలు కుడికాలికంటే లావుగా ఉంది. నొక్కితే నొప్పి, చర్మం నున్నగా మెరుస్తోంది. ఒక్క కాలే వాచింది, ఇది బోదకాలే అనుకున్నాను. మా ప్రాంతంలో ఒంటికాలి వాపుకి ఇంకో పేరు ఎవరికీ తోచదు, ముప్పయ్యొక్క ఏళ్లు ఆ ఒక్క పేరే పలికిన నాకు అసలు తోచదు. విమానం గానీ, వినోద చెప్పిన మాట గానీ తలపుకే రాలేదు. వచ్చిందల్లా సిగ్గు. ఊరందరికీ మాత్రలు మింగించిన నర్సమ్మకి బోదకాలు వచ్చిందట అని నవ్వుకుంటారు. ఇంట్లో మిగిలి ఉన్న పాత మాత్రలు వేసుకుని, చీర కిందికి దించి కట్టుకుని, మావారికి కనపడకుండా తిరిగాను.

ఆ సాయంత్రం రేపల్లె నుంచి రత్నం వచ్చింది. రత్నం మా మరిది భార్య, నా తోటికోడలు. బాలింతలకు నూనె రాసి నీళ్లు పోయడం, పసిపిల్లలకు స్నానం చేయించడం దాని పని. రేపల్లెలో ఏ ఇంట్లో కాన్పయినా ముందు రత్నానికే కబురు వెళ్లేది. చదువుకోలేదు గానీ చెయ్యి మంచిదనేవాళ్లు. నేను మాత్రం లోలోపల ఒక మెట్టు కిందే చూసేదాన్ని. నేను సర్కారు నర్సుని, అది నూనె రాసే మనిషి.

తలుపు గడియపెట్టి కాలు చూపించాను. చెయ్యి వేసి వెంటనే తీసేసింది.

"ఏంటక్కా ఇంత వేడిగా ఉంది? ఇది నా చేతి పని కాదు. డాక్టరు గారికి చూపిద్దాం" అంది.

"బోదకాలు ఎట్టా ఉంటదో నాకు తెలియదా? నీరు పట్టింది, కింద నుంచి పైకి రుద్దితే దిగిపోద్ది."

"వద్దక్కా, నాకెందుకో భయంగా ఉంది."

"ముప్పయ్యేళ్ల సర్వీసు నాది. నువ్వు నాకు వైద్యం చెప్తావా? రుద్దమన్నప్పుడు రుద్దు. మీ బావగారికి మాత్రం ఒక్క ముక్క చెప్పొద్దు" అన్నాను.

మాటిచ్చింది. ఆముదం వేడిచేసి మెల్లగా మొదలుపెట్టింది. నేను గట్టిగా, ఇంకా గట్టిగా అన్నాను. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా పళ్లు బిగించుకుని, ఆపొద్దన్నాను.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు అందుకోబోతూ ఊపిరి అందక కుప్పకూలాను. రొమ్ములో బరువు. ఎంత పీల్చినా గాలి సగంలోనే ఆగిపోతోంది. నేను చూసిన చావులన్నీ ఇతరులవి. ఇది నాది అనుకున్నాను. మావారు, రత్నం చెరో రెక్క పట్టుకుని ఆటోలో వేశారు. దారంతా రత్నం "అక్కా, నన్ను చూడు, నన్నే చూడు" అంటూనే ఉంది.

ఆసుపత్రిలో

పరీక్షల గురించి రాయను, నాకు సరిగా గుర్తూ లేదు. కాలి నరంలో కట్టిన రక్తపు గడ్డలో ఒక ముక్క ఊపిరితిత్తికి చేరిందన్నారు. మొదటి రెండు రోజులు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరొచ్చారో చూడటం, మళ్లీ కళ్లు మూసుకోవడం, అంతే. బయట బెంచీ మీద మావారు తినకుండా కూర్చుంటే, పక్క మంచం పేషెంటు భార్య, ఒక సాయెబుల ఇల్లాలు, కారియర్ మూతలో అన్నం కలిపి ఇచ్చి "అన్నయ్యా, రెండు ముద్దలు తినండి, వదిన లేచేసరికి మీరు పడిపోతే మోసేవాళ్లు ఉండరు" అన్నదట. ఆ మాట చెబుతూ ఆయన ఏడ్చారు.

మూడో రోజు డాక్టరు గారు ఇంట్లోవాళ్లను నా మంచం దగ్గరికి పిలిచారు. మావారు, రత్నం, దాని కూతురు కీర్తన వచ్చారు. కీర్తన బాపట్లలో నర్సింగ్ చదువుతోంది. కబురు తెలిసి హాస్టల్ నుంచి పరుగున వచ్చింది.

"ఈ కాలుని ఎవరైనా రుద్దారా?" అని అడిగారు డాక్టరు గారు.

మావారు లేదండీ అన్నారు. రత్నం ముందుకు వచ్చి "నేనేనండి" అంది.

"రుద్దకూడదమ్మా. రుద్దడం వల్లే కదిలిందని కచ్చితంగా చెప్పలేను. దానంతటదే కూడా కదలొచ్చు. కానీ ఇలాంటి కాలుని ముట్టుకోకూడదు" అని ఆయన వెళ్లిపోయారు. ఆ మాటల్లో ఆయన ఎంత జాగ్రత్త పడ్డారో మావాళ్లెవరూ పట్టించుకోలేదు.

"ఎవరు రుద్దమన్నారు నిన్ను?" మావారు గొంతు పెంచారు.

రత్నం నా వైపు చూసింది. నా ముఖానికి ఆక్సిజన్ మాస్క్ ఉంది, కళ్లు తెరిచే ఉన్నాను. తర్వాత తల దించుకుని "నాకే అనిపించింది బావగారూ" అంది.

కీర్తన ఏడుస్తూ తల్లి మీద విరుచుకుపడింది. "బాలింతలకి రుద్దినట్టు అందరికీ రుద్దేయడమేనా అమ్మా? తెలియని పని ఎందుకు చేస్తావు? ఇంకాస్త ఉంటే పెద్దమ్మని చంపేసేదానివి!"

రత్నం నాకిచ్చిన మాట నిలబెట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. నిజం చెప్తే, నర్సు ఉద్యోగం చేసి నీకీ మాత్రం తెలియదా అని మావారు అంటారని భయం. అంతకంటే, ఆ చదువుకునే పిల్ల ముందు చులకనైపోతానని భయం. ఒంట్లో బాగయ్యాక చెబుదాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత ఒంట్లో బాగైన ప్రతిరోజూ వాయిదా వేశాను.

వినోద ఫోన్ చేసి "మేజోళ్లు వేసుకున్నావా అక్కా?" అని అడిగింది. వేసుకున్నానన్నాను. "మరెందుకిలా అయింది" అని నాలుగు రోజులు అది తల పట్టుకుంది.

దూర ప్రయాణం చేసేవాళ్లకు ఇక్కడే ఒక మాట చెప్పుకుంటాను. పక్కవాళ్లని లేపండి. నీళ్లు తాగండి. ఒక కాలే వాచి వేడిగా ఉంటే పేరు మీరు పెట్టుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. నాకంటే తెలిసినవాళ్లు లేరనుకునేవాళ్లు మరీ తొందరగా చూపించండి.

జూన్

కోలుకున్నానని మావారు సంఘంవాళ్లను పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూడిక, అంటే ప్రార్థన సభ, పెట్టారు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పాక, సాక్ష్యం చెప్పమ్మా అన్నారు. మా సంఘంలో చావు తప్పి బయటపడ్డవాళ్లు నలుగురి ముందు నిలబడి జరిగింది చెప్పడం మామూలే. సాక్ష్యం అంటేనే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. నేను మైకు పట్టుకుని విమానం గురించి, ఊపిరి అందకపోవడం గురించి బాగా చెప్పాను. చెబుతూ చెబుతూ "మా ఇంట్లోవాళ్లు తెలియక నా కాలు రుద్దడం వల్ల ప్రాణం మీదికొచ్చినా దేవుడు కాపాడాడు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. రత్నం అప్పుడు వెనక వరసలో విస్తళ్లు తుడుస్తోంది. తలెత్తలేదు. భోజనాల్లో అందరికీ వడ్డించింది, నాకు కూడా.

ఆసుపత్రిలో నోరు మూసుకున్నాను, అది భయం. ఇక్కడ నోరు తెరిచి అబద్ధం చెప్పాను. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు.

ఆగస్టు

రేపల్లె నుంచి తెలిసినావిడ ఫోన్ చేసింది. వాళ్ల కోడలికి కాన్పయిందట, బిడ్డకి టీకాలు ఎప్పుడెప్పుడో అడిగింది. అంతా చెప్పాను. పెట్టేయబోతూ అంది.

"మీ రత్నాన్నే పిలుద్దామనుకున్నామండి. మీ కూడికకి మా అక్క వచ్చింది కదా, మీ సంగతి విన్నాక భయమేసింది. మా వీధిలో ఇప్పుడు ఎవరూ ఆమెని పిలవట్లేదు. మేమూ వేరే ఆమెని పెట్టుకున్నాం. మంచి పని చేశాం కదండీ?"

నా నాలుక మీదికి నిజం వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది.

"మీ ఇష్టమండి" అన్నాను.

ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడ్డాను. ఇరవయ్యేళ్లుగా ఎంతోమంది పసిబిడ్డలను మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసిన మనిషి. ఏ తల్లీ ఏనాడూ ఒక్క మాట అనలేదు. నేను మైకులో అన్న ఒక్క ముక్కతో ఆ చేతులు పనికిరానివైపోయాయి. జబ్బులో కూడా నన్ను నేను అంతగా అసహ్యించుకోలేదు.

సెప్టెంబరు

టిఫిన్ తింటుండగా మావారికి చెప్పాను. ఇడ్లీ ముక్క పట్టుకున్న చెయ్యి ప్లేట్లోనే ఆగిపోయింది. నన్ను తిడతారనుకున్నాను.

"మరి నేను దాన్ని అన్నేసి మాటలన్నానే" అన్నారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆదివారం మాత్రం నాకంటే ముందే తయారై కూర్చున్నారు.

తెనాలి నుంచి రేపల్లె రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. వేమూరు దాటాక "నువ్వు చెప్పలేకపోతే నేను చెప్పనా?" అన్నారు. నేనే చెప్తానన్నాను.

రేపల్లె చర్చిలో ఆరాధన అయ్యాక అక్కడి అయ్యగారిని అడిగి లేచి నిలబడ్డాను. రత్నం ఆడవాళ్ల వైపు మధ్యలో ఉంది. పెద్దగా ఏమీ చెప్పలేదు. "నేను తెనాలిలో చెప్పిన సాక్ష్యం అబద్ధం. డాక్టరు దగ్గరికి వెళ్దామని రత్నం చెప్పింది. నేను వినలేదు. వద్దంటున్నా రుద్దమన్నది నేనే, ఎవరికీ చెప్పొద్దన్నదీ నేనే. అది మాట మీద నిలబడి నింద మోసింది. నేను చూస్తూ ఊరుకున్నాను" అన్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ "ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదమ్మా" అంది, అందరికీ వినపడేలా. నేను అవునండి అని కూర్చున్నాను.

బయట చెప్పుల దగ్గర రత్నం చెయ్యి పట్టుకోబోయాను. అది కోపంగా లాక్కోలేదు గానీ, నా చేతిలో ఉంచనూ లేదు.

"పిలిచేవాళ్లు పిలుస్తారక్కా, లేనోళ్లు లేదు. నాకు దాని గురించి కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కాడి నుంచి మా కీర్తన నన్ను తలకి నూనె కూడా పెట్టనివ్వట్లేదు. హాస్టల్ నుంచి వస్తే దూరంగా కూర్చుంటది. నేను చెప్తే నమ్మదు, తప్పు కప్పుకుంటన్నాననుకుంటది. నువ్వు చెప్పు" అంది.

ఆ తర్వాతి ఆదివారం బాపట్ల వెళ్లాను. హాస్టల్ గేటు లోపల సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. కీర్తన నా కాలు పట్టుకుని వాపు ఉందేమో చూసింది, మందులు ఎప్పుడు ఆపమన్నారని అడిగింది. అంత ప్రేమగా చూస్తుంటే చెప్పడం ఇంకా కష్టమైంది. మొత్తం చెప్పాను.

పిల్ల నా మీద జాలిపడి, నన్ను తప్పించే దారి వెతికింది.

"పెద్దమ్మా, అప్పుడు నీకు మాస్క్ ఉంది కదా. మాట్లాడే ఓపిక కూడా లేదు. చెప్పాలనుకున్నా చెప్పలేకపోయావు, అంతే కదా?"

అవునంటే సరిపోయేది. ఆ పిల్ల అవుననే కోరుకుంటోంది.

"లేదమ్మా. మీరు బయటికి వెళ్లగానే మాస్క్ తీసి, ఏసీ తగ్గించమని నర్సుకి చెప్పాను. మాట్లాడే ఓపిక ఉంది" అన్నాను.

కీర్తన నా కాలి మీద నుంచి చెయ్యి తీసేసింది. లేచి నాలుగడుగులు పక్కకు వెళ్లి తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా" అంది. ఆపైన ఏడుపు అందుకుంది. ఫోన్లోంచి రత్నం గొంతు నాదాకా వినిపిస్తోంది. "ఏంటమ్మా, ఏడుస్తున్నావా? అన్నం తిన్నావా?" అని మళ్లీ మళ్లీ అడుగుతోంది. పిల్ల ఏడుస్తూనే ఉంది. వాళ్లిద్దరి మధ్య నేనుండకూడదనిపించి గేటు బయటికి వచ్చి నిలబడ్డాను.